కుడి దిక్కు సీటు

మీరంతా కారు సీటు మీద కూర్చున్నవాళ్ళే. దాని కింద ఏముందో వంగి చూసినవాళ్ళు మాత్రం తక్కువ. నా ఉద్యోగ జీవితమంతా ఆ కిందనే గడిచింది. పురానాపూల్ దగ్గర ఒక పాత షెడ్డులో కార్ల సీట్లు కుట్టేవాణ్ణి. స్ప్రింగులు సరిచేయడం, కొబ్బరి పీచు నింపడం, పైన రెక్సిన్ లాగి బిగించడం, ఇదీ నా పని. సీట్ల సందుల్లో నాకు దొరికిన దువ్వెనలూ పిన్నులూ గుండీలూ అన్నీ దాచి ఉంటే ఛత్రినాకలో ఒక బండి పెట్టుకుని అమ్ముకునేవాణ్ణి. మా నాయనది సర్కారు నౌకరి. నేను పొద్దంతా మోకాళ్ళ మీద పనిచేయడం చూసి, "చర్చిల గూడ గింతసేపు మోకరిల్లవు గదరా" అని దెప్పేవాడు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈమధ్య మా వీధిలో షోరూమ్ ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఇద్దరు నా దగ్గరికి వచ్చి కొత్త బండ్ల గురించి గొప్పలు చెప్పారు. సీటు దానంతట అదే వెనక్కి జరుగుతుందట, ఎదుటి బండి వస్తే లైటు దానంతట అదే తగ్గుతుందట. "మీ కాలంల గివన్ని యాడియి తాతా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నాయనా, మీ తాతలు పుట్టిన కాలంలోనే అమెరికా బండ్లలో ఇవన్నీ ఉన్నాయి. ఇంకా చాలా ఉన్నాయి. హోటల్లో కూర్చుని కూరలు అడిగినట్టు, బండి కొనేవాడు నాకు ఇది కావాలి, అది కూడా వెయ్యండి అంటే కంపెనీలోనే బిగించి ఇచ్చేవారట.

ఒక బండిలో రేడియో స్టేషను మార్చడానికి కాలి కింద గుండీ ఉండేది. ఇంకోదాంట్లో డ్యాష్‌బోర్డు కింద గ్రామఫోను. డ్యాష్‌బోర్డు మీద ఒక కన్ను ఉండేది, ఎదురుగా వెలుగు కనబడితే మన హెడ్‌లైట్లు అదే దించేది. మన పాతబస్తీలో ఆ కన్ను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ప్రతి పాన్‌డబ్బా ట్యూబ్‌లైటుకూ సలాం కొట్టుకుంటూ పోయేది. మరో బండిలో డ్యాష్‌బోర్డు మీద అద్దం ముక్కలాంటిది బిగించి ఉంది. కారు టాపు ముందుకు వంగి ఉంటుంది కాబట్టి, పైన వేలాడే సిగ్నలు రంగు అందులో చూసుకోవడానికట. ఆ సంగతి మాకు తెలిసేనాటికే ఆ బండి ఇంటివాళ్ళు దాన్ని దేవుడనుకుని ఏళ్ళ తరబడి దాని ముందు అగరొత్తులు ముట్టిస్తున్నారు. మేము చెప్పినా మానలేదు.

మా షెడ్డు యజమానిని అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. ఈ సామానంతటికీ ఆయన ఒకే పేరు పెట్టాడు, నఖరాలు. నఖరాలకు ఆయన దగ్గర ఒకటే మందు. "సమజ్ మే నై ఆయా తో బంద్ కర్ దేవ్ మియా." అర్థం కాకపోతే మూసెయ్. వైరైతే టేపు చుట్టు, గొట్టమైతే బోల్టు దిగ్గొట్టు, కదిలేదైతే కదలకుండా చెయ్. మీరు నవ్వకండి. అప్పుడు మాకు పుస్తకాలు లేవు, ఫోన్లో వెతికే వీలు లేదు, విడిభాగం కావాలంటే సముద్రం అవతలి నుంచి రావాలి. తెలియని వైరును వదిలేస్తే బండి కాలిపోతుంది. మూసెయ్యడమే అన్నిటికన్నా క్షేమమైన పని. ఊళ్ళో షెడ్లన్నీ అదే చేశాయి. ఒక బండి పది షెడ్లు తిరిగిందంటే అందులో నఖరాలన్నీ మూతపడి ఉత్త బండి మిగిలేది.

మా ఎలక్ట్రిషన్ అన్న దీనికి పూర్తిగా ఉల్టా. ఎటూ పోని వైరు కనబడితే ఆయనకు అన్నం సయించదు. ఉస్తాద్ మూస్తే ఈయన విప్పుతాడు. ఇద్దరికీ పొద్దున మొదలైన లొల్లి చాయ్ దగ్గర ఆగి, చాయ్ కాగానే మళ్ళీ మొదలయ్యేది. ఒకరు లేకపోతే ఇంకొకరికి షెడ్డులో తోచేది కాదని మాత్రం నాకు తెలుసు.

అట్లాంటి రోజుల్లో ఒక సేటు కబురు పంపాడు. నూనెలూ బెల్లం హోల్‌సేల్ వ్యాపారం, పాతబస్తీలో తరతరాల ఇల్లు. వాళ్ళ నాయన కొన్న అమెరికా బండి ఒకటి ఇంటి వాకిట్లో టార్పాలిన్ కింద పడి ఉంది. నాయన పిల్లలు చిన్నగా ఉండగానే పోయాడు, బండి అప్పటినుంచి ఎక్కువ కదలలేదు. ఇప్పుడు నగరంలో పాత కార్ల ఊరేగింపు పెడుతున్నారు, అందులో దీన్ని తిప్పాలని సేటు ముచ్చట. ఇంజను పని ఉస్తాద్‌ది, వైర్లు ఎలక్ట్రిషన్ అన్నవి, సీట్లు నావి. షెడ్డుకు తెచ్చే ముందు సీట్ల రంగూ గుడ్డా మాట్లాడడానికి నేను వాళ్ళింటికి వెళ్ళాను.

టార్పాలిన్ తీస్తే బండి పొడుగ్గా, వెనక రెండు రెక్కలతో, మా షెడ్డులో సగం పట్టేటట్టు ఉంది. స్టీరింగ్ మన బండ్లకు మాదిరే కుడివైపు ఉంది. మన దేశానికి వచ్చిన చాలా అమెరికా బండ్లు అట్లా కుడి స్టీరింగ్‌తోనే దిగాయి కాబట్టి నేను ఆ సంగతి పట్టించుకోలేదు. ముందు రెండు సీట్లు, మధ్యలో మడిచే చేతి దిండు. నేను వంగి కొలతలు చూస్తుంటే వెనక నుంచి ఒక గొంతు వినపడింది.

"సీటు తిప్పి జూసినవా బిడ్డా?"

సేటు వాళ్ళ అమ్మ, ఆ ఇంటి పెద్దమ్మ. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కన నడవడానికి పట్టుకునే స్టాండు. మోకాళ్ళు రెండూ పోయాయి గాని చూపు సూదిలాగా ఉంది.

"సీటు తిరుగుడేందమ్మా?"

"తిరుగుతది. దిగేటప్పుడు తలుపు దిక్కు మొత్తం తిరుగుతది. కుచ్చిళ్ళు చెదరకుంట రెండు కాళ్ళు ఒక్కసారే కింద పెట్టి దిగుతం. మా ఆయన దోస్తుల భార్యలు సూసి నోర్లు తెర్శిండ్రు."

ఎన్నో అమెరికా బండ్ల సీట్లు విప్పినవాణ్ణి. తిరిగే సీటు ఎన్నడూ చూడలేదు. అదే చెప్పబోయాను. ఈలోగా సేటు వచ్చి, "ఔనమ్మా, ఔనమ్మా. అన్న జూస్తడు తీ" అన్నాడు. ఆ 'ఔనమ్మా' ఎట్లా ఉందంటే, చిన్నపిల్ల చందమామ కావాలని ఏడిస్తే రేపు తెస్తాలే అంటారు చూడండి, అట్లా ఉంది.

నన్ను గేటు దగ్గరికి తీసుకుపోయి గొంతు తగ్గించి చెప్పాడు. "ఏమనుకోకన్నా. అమ్మకు యాది సక్కగ లేదు. అన్నిట్ల అన్ని కలుపుతది. బండిల తను కుడి దిక్కు కూసుండేదాన్నంటది. కుడి దిక్కంటే డ్రైవర్ సీటు గదనే? అమ్మకు సైకిలే రాదు." నవ్వబోయి నవ్వలేకపోయాడు. చెడ్డవాడు కాదు. అమ్మ అంటే ప్రాణమే. ఆ ప్రాణంతోనే భయపడుతున్నాడు.

ఏం జరిగిందంటే, కొంతకాలం కిందట పెద్దమ్మ పూజగదిలో దీపం ముట్టించి అగ్గిపుల్ల ఆర్పకుండా పడేసింది. గుడ్డ కొంచెం కాలింది, అంతే. అప్పటినుంచి ఇంట్లో ఆమెను అగ్గిపెట్టె ముట్టనివ్వడం లేదు. దీపం కోడలు పెడుతుంది. ఏ మాట చెప్పినా ఔనమ్మా అంటారు, చేసేది వాళ్ళకు తోచినట్టు చేస్తారు. నేను మళ్ళీ కొలతలు తీస్తుండగా కోడలు చాయ్ తెచ్చి, మాటవరుసకు అడిగినట్టు, "అత్తమ్మా, ఇయ్యాల ఏం వారం?" అంది.

"బేస్తారం" అంది పెద్దమ్మ టక్కున. ఆ రోజు గురువారమే. కోడలు లోపలికి పోయాక నా వైపు చూసింది. "పొద్దుగాల లేవంగనే క్యాలెండర్ జూసి పెట్టుకుంట. వారం అడుగుతరు, పండుగలు అడుగుతరు, ఎవలి కొడుకు ఏం సదువుతున్నడో అడుగుతరు. పరీచ్ఛ పెడుతున్నరు బిడ్డా. ఒక్కటి తప్పితే ఇగ అన్ని తప్పే."

నేను కొలతల టేపు చుట్టి పక్కన పెట్టాను.

"నువ్వా సీటు తిప్పి సూపియ్యి" అంది. "సీటు తిర్గితే నా మాట నిలవడ్తది. లేకుంటే నేను పిచ్చిదాన్ననే రాసుకుంటరు."

"సూస్తనమ్మా" అన్నాను. అన్నాను గాని, నా గొంతు కూడా ఆ సేటు గొంతులాగే ఉందని నాకే వినపడింది. ఆమెకూ వినపడింది. చాయ్ కప్పు పక్కకు పెట్టి అటు తిరిగింది.

బండి షెడ్డుకు వచ్చింది. సీట్లు విప్పాను. కుడి సీటు కింద రొట్టెల పెనమంత గుండ్రటి ఇనుప పళ్ళెం ఉంది. దాని మీద ఇంకో పళ్ళెం. రెండూ కలిపి బోల్టులు కొట్టి, అక్కడక్కడా వెల్డింగ్ చుక్కలు పెట్టారు. ఎడమ సీటు కిందా అంతే. ఉస్తాద్‌ను పిలిచి చూపించాను.

"మజ్బూతీ కోసం పెట్టిండ్రు" అన్నాడు ఉస్తాద్. "అమెరికా వోళ్ళు లావుంటరు మియా."

"తిరిగే సీటేమో ఉస్తాద్? సేటు వాళ్ళమ్మ తిరుగుతది అంటున్నది."

"సీటు తిరుగుతదా? సర్కస్ గాడీనా ఇది?" ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. అక్కడితో ఆ సంగతి అయిపోయేదే. కాని డ్యాష్‌బోర్డు కింద పడుకుని వైర్లు చూస్తున్న ఎలక్ట్రిషన్ అన్న అరిచాడు.

"ఉస్తాద్, ఈడికి రాండ్రి. ఈడేదో మూసిండ్రు."

మూత అంటే చాలు, అన్నకు పండగ. మేమిద్దరం వంగి చూశాం. ఎడమవైపు, ఇంజనుకూ మనుషులు కూర్చునే చోటుకూ మధ్య ఉండే రేకులో గుండ్రటి తూటు ఒకటి, దాని మీద అదే మందం రేకు అతికి, రివెట్లు కొట్టి, సాఫు చేసి రంగు వేసి ఉంది. కింద నేలరేకులో పెడళ్ళ తూట్లు కూడా మూసి ఉన్నాయి. తివాచీ కప్పి ఉంటే దేవుడికి కూడా తెలియదు. ఉస్తాద్ బొటనవేలితో ఆ అతుకు మీద చాలాసేపు రుద్దాడు. ఎవరి పనితనమో మనసులో మెచ్చుకుంటున్నాడని అర్థమైంది.

"స్టీరింగ్ ఎడమ దిక్కుండె" అన్నాడు చివరికి. "అసల్ అమెరికా గాడీ. ఈడికొచ్చినంక ఇటు మార్చిండ్రు."

అప్పుడు సేటు గేటు దగ్గర చెప్పిన మాట నాకు గుర్తొచ్చింది. స్టీరింగ్ ఎడమవైపు ఉంటే భర్త ఎడమవైపు కూర్చుని నడిపాడు. మరి భార్య ఎక్కడ కూర్చుంటుంది? కుడి దిక్కే. ఆ మాట చెబితే ఉస్తాద్ పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు.

"అమ్మాజీ సచ్ బోల్రీ మియా" అన్నాడు. "కోయీ సున్రా నై."

అమ్మ నిజమే చెబుతోంది, వినేవాడే లేడు అని. ఆ క్షణం నుంచి సీటు తిప్పడం మా ముగ్గురికీ సొంత పని అయిపోయింది. వెల్డింగ్ చుక్కలు కోశాం, బోల్టులు తీశాం, నూనె పోసి నానబెట్టాం. కుడి సీటును దాని చోట పెట్టి అన్న తోశాడు. కిర్రుమంది, కదిలింది, తిరిగింది. తిరగడం తలుపు వైపు కాదు, లోపలికి. మధ్యలో ఉన్న చేతి దిండుకు తగిలి ఆగిపోయింది. ఎడమ సీటూ అంతే, లోపలికే. రెండు సీట్లూ తిప్పితే ఇద్దరు మనుషులు మోకాళ్ళు గుద్దుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలి.

అన్న నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఏంది ఉస్తాద్, మొగడు పెండ్లాం కొట్లాడుకునేతందుకు పెట్టిండ్రా?"

ఉస్తాద్ నవ్వలేదు. "ఇందుకే ఎవడో బంద్ చేసిండు. పనికిరాని నఖరా." కొంచెం ఆగి అన్నాడు, "అమ్మాజీకి సగం యాదున్నది, సగం లేదు. తలుపు దిక్కు తిరుగుతదంటే యాడ తిరుగుతది?"

మాకు మింగలేక కక్కలేక అయింది. సగం నిజమైతే ఆ ఇంట్లో అది అబద్ధం కిందే లెక్క. ఇంతకన్నా అసలు తిరగకపోయినా బాగుండేదేమో అనిపించింది.

మర్నాడు నా పని నేను మొదలుపెట్టాను. పాత గుడ్డ ఊడదీయాలి. పైన ఎవరో వేసిన నల్ల రెక్సిన్, దాని కింద ఇంకెవరో వేసిన ఎర్రది, అన్నిటికన్నా కింద కంపెనీవాళ్ళు వేసిన అసలు గుడ్డ, నీలం మీద వెండి పోగులు. మీకు ఒక సంగతి చెప్పాలి. సీటు ఏ బండిదైనా సరే, తలుపు వైపు అంచు ముందు అరుగుతుంది. ఎక్కేవాడూ దిగేవాడూ ఒళ్ళంతా దాని మీద ఈడ్చుకుంటాడు గనక. లోపలి అంచు కొత్తగానే ఉంటుంది. కాని ఈ సీట్ల అసలు గుడ్డ లోపలి అంచు దగ్గర వెలిసి పోగులు లేచి ఉంది. తలుపు వైపు అంచు మాత్రం కడిగిన ముత్యంలా ఉంది. మనిషి లోపలి నుంచి ఎట్లా ఎక్కుతాడు? సూది పక్కన పెట్టి ఆ రెండు అంచులూ మళ్ళీ మళ్ళీ తడిమి చూశాను.

తర్వాత లేచి, ఎడమ సీటును కుడివైపుకూ కుడి సీటును ఎడమవైపుకూ ఈడ్చి పెట్టాను. అరిగిన అంచులు రెండూ తలుపుల వైపుకు వచ్చాయి. గట్టిగా అరిచాను, "ఉస్తాద్, సీట్లు మారినయ్!"

ఆయన వచ్చి చూసి నెత్తి మీద టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. స్టీరింగ్ మార్చే పనిలో పాత షెడ్లలో ఒక ఆచారం ఉండేదట, డ్రైవర్ సామాను డ్రైవర్ వెంట పోవాలి. ఆయన కూడా చిన్నప్పుడు తన ఉస్తాద్ దగ్గర అట్లాగే చేశాడట. చక్రం, పెడళ్ళు, వాటి వెంట డ్రైవర్ సీటు. డ్రైవర్ సీటుకు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాలు పొడుగ్గా ఉంటాయి, అందుకు. ఇక్కడా ఆచారం ప్రకారం సీట్లు అటుదిటు చేశారు. చేశాక తిప్పితే లోపలికి తిరిగాయి. ఎందుకు తిరిగాయో ఆలోచించే ఓపిక లేక, మన ఇంకో ఆచారం ప్రకారం బోల్టు కొట్టి మూసేశారు. రెండు ఆచారాల మధ్య ఒక ఆడమనిషి మాట నలిగిపోయింది.

ఉస్తాద్ సేటుకు ఫోను చేసి సీట్లు మారుస్తామన్నాడు. అసలు సంగతి నేనే చెప్పొద్దన్నాను, తిరిగిన సీటును ఆపే కొక్కెం పనిచేస్తుందో లేదో ఇంకా తెలియదు. సేటు విసుక్కున్నాడు. ఊరేగింపు నెత్తి మీదికి వచ్చింది, ఉన్నదున్నట్టు గుడ్డ వేసి ఇవ్వమన్నాడు. ఉస్తాద్ ఫోను పెట్టేశాడు. వద్దన్న పని చేయడం ఆయన మతానికే విరుద్ధం. ఇంక వదిలేస్తాడనుకున్నాను.

"బంద్ కరే సో హమ్‌లోగాంచ్" అన్నాడు. "ఖోల్నా బీ హమ్‌లోగాంచ్. మూసింది మనోళ్ళే, తెర్వాల్సింది మనమే. సేటు తిడితే నేను పడ్త, ఫికర్ నక్కో. కుట్టు నువ్వు."

చూస్తే ఆ కొక్కెం విరిగిపోయి ఉంది. లారీ తలుపు తాళం నుంచి ఒక ముక్క తీసి, అరగదీసి, ఉస్తాద్ స్వయంగా దాన్ని తయారు చేశాడు. బిగించాక పరీక్ష చేయడానికి ఒకరి తర్వాత ఒకరం కూర్చుని తిరిగాం. గడ్డం నెరిసిన ఉస్తాద్ రెండు కాళ్ళూ దగ్గర పెట్టుకుని, పైజామా సర్దుకుని, నవాబుల ఇంటి బేగంలాగా తలుపు వైపు తిరిగి కిందికి దిగాడు. అన్న ఈల వేశాడు. ఆయన నవ్వినవాణ్ణల్లా పానా పట్టుకుని తరిమాడు గాని, మళ్ళీ ఎక్కి కూర్చుని ఇంకోసారి తిరిగాడు.

బండి ఇచ్చే రోజు ముగ్గురం వెళ్ళాం. షెడ్డు వదిలి ఉస్తాద్ బండి ఇవ్వడానికి రావడం నేను అంతకుముందు చూడలేదు. వాకిలి నిండా జనం. గుడిమల్కాపూర్ నుంచి బంతిపూల గంపలు వచ్చాయి, బండికి దండలు కట్టడానికి. పెద్దమ్మ వరండాలో అదే కుర్చీలో ఉంది. మమ్మల్ని చూసింది గాని ఏమీ అడగలేదు. అడిగి మళ్ళీ ఔనమ్మా అనిపించుకోవడం ఇష్టం లేదని ఆమె మొహం చూస్తే తెలిసింది.

"అమ్మా, ఒకసారి ఎక్కి కూసుంటవా?" అన్నాన్నేను.

సేటు అడ్డం వచ్చాడు. "ఆమెతోని కాదన్నా. మేమిద్దరం ఎత్తి కూసోబెట్టాలె. ఎత్తితే ఏడుస్తది. నా పెద్ద బండిల గూడ ఎక్కుడు బంద్ జేసింది."

పెద్దమ్మ అప్పటికే లేచింది. స్టాండు పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ బండి చుట్టూ తిరిగి పోయింది. ఎడమ తలుపు దగ్గర కోడలు నిలబడి ఉంది. ఆమె ఆ తలుపు వైపు చూడను కూడా చూడలేదు. తిన్నగా కుడి తలుపు దగ్గరికి పోయి ఆగింది.

"అమ్మా, అటు గాదు. గది డ్రైవర్ దిక్కు" అన్నాడు సేటు. అని నా వైపు తిరిగి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. చూశావా, నేను చెప్పలేదా అన్న బాధ ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెద్దమ్మ తలుపు పిడి మీద చెయ్యి వేసి ఆగిపోయింది. తప్పు చేశానా అని ఆమెకే అనుమానం వచ్చింది.

"సేటూ, ఇటు రాండ్రి" అన్నాను. ఎడమ తలుపు తెరిచి, తివాచీ ఎత్తి, టార్చి వేసి ఆ అతుకు చూపించాను. "గిది స్టీరింగ్ పోయిన తూటు. గివి పెడళ్ళయి. మీ నాయన ఈ దిక్కు కూసోని నడిపిండు. మీ అమ్మ ఆ దిక్కు కూసున్నది."

సేటు వంగి చూశాడు. వేలు పెట్టి తడిమాడు. కాసేపటికి గాని లేవలేదు. లేచాక బండి టాపు మీది నుంచి అవతల నిలబడ్డ తల్లిని చూశాడు.

ఉస్తాద్ అటువైపు పోయి కుడి తలుపు తెరిచాడు. పిడి నొక్కి సీటును బయటికి తిప్పాడు. టక్కుమని చప్పుడు చేసి ఆగింది. నీలం గుడ్డ, వెండి పోగులు. సరిగ్గా అట్లాంటి గుడ్డే వెతికి పట్టుకొచ్చాను లెండి, ఆ తిరుగుడు వేరే కథ. పెద్దమ్మ వెనక్కి తిరిగి, మెల్లగా దాని మీద కూర్చుంది. ఎవరూ ఎత్తలేదు, ఎవరూ పట్టుకోలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. రెండు కాళ్ళూ లోపలికి తీసుకుంది. సీటు ఆమెతోపాటు తిరిగింది.

ఎదురుగా స్టీరింగ్ చక్రం వచ్చేసరికి ఉలిక్కిపడింది. "గిదెవలు పెట్టిండ్రు ఈడ?" అంది. అందరం నవ్వాం. ఆమే ముందు నవ్వింది. కోడలు చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. సేటు మాత్రం బండి చుట్టూ తిరిగి వచ్చి తల్లి దగ్గర నేల మీద గొంతుక్కూర్చున్నాడు. పట్టుపంచె, పెద్ద వ్యాపారం, వాకిలి నిండా జనం, ఏదీ చూసుకోలేదు. ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి తల్లిని పరీక్షకు కాకుండా, తెలుసుకోవడానికి అడిగాడు.

"అమ్మా, బాపు స్టీరింగ్ ఇటెందుకు మార్పిచ్చిండే? ఎప్పుడు మార్పిచ్చిండు?"

పెద్దమ్మ చక్రం మీద చెయ్యి పెట్టి ఆలోచించింది. తొందరపడలేదు. ఎవరి మొహం వైపూ చూడలేదు.

"గది నాకు యాది లేదు బిడ్డా" అంది.

వాకిట్లో ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సేటు తల ఊపి, "పోనీ తీ అమ్మా" అన్నాడు.